మూతలు తీసిన జానీమియా సార్

గత సోమవారం పొద్దున, నల్లగొండలో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి హుజూర్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. తరగతి మధ్యలో అటెండరు పిలిస్తే ఆఫీసు గదికి వెళ్లి రిసీవర్ అందుకున్నాను. అవతల హలీమమ్మ, మా గురువుగారి ఇల్లాలు. "బిడ్డా, మీ సార్ పోయిండు" అన్నది. తెల్లవారి నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుంటూ అట్లాగే కూలబడ్డారనీ, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందనీ తర్వాత తెలిసింది. నేను ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు తరగతికి తిరిగి వచ్చి, ఆపిన చోటి నుంచి పాఠం అందుకున్నాను. పది నిమిషాల తర్వాత గాని ఆ మాట నాలోకి దిగలేదు. చేతిలో సుద్దముక్కతోనే నల్లబల్ల వైపు తిరిగి ఏడ్చాను. పిల్లలు బెదిరిపోయారు.

మహమ్మద్ జానీమియా గారి మరణవార్త ఏ పత్రికలోనూ రాలేదు. రాదని నాకు తెలుసు. ఆయనకు పదవి లేదు, బిరుదు లేదు, శాలువా కప్పించుకున్న ఫోటో ఒక్కటి కూడా లేదు. హుజూర్‌నగర్ బస్టాండు వెనక సందులో, ధాన్యం కొట్ల నడుమ, రేకుల కప్పు కింద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన సామాన్యుడు. కాని తాను విప్పి చూడలేనిది, తాను బాగుచేసుకోలేనిది, పక్కవాడికి నిర్భయంగా ఇవ్వలేనిది ఏదీ తన కంప్యూటర్‌లో ఉండనివ్వనని ఒట్టు పెట్టుకుని, ఆ ఒట్టు మీద నిలబడి కన్నుమూసిన మనిషి. ఈ తొంభైల చివర మన జిల్లాలో అలాంటి మనిషి మరొకరు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే వారికి నా నమస్కారం. నా గురువు గురించి మాత్రం నేను గర్వంగానే రాస్తాను. వినయం నటించడం ఆయన నాకు నేర్పలేదు.

ఎనభైల చివర, ఇంటరు తప్పి, ఇంట్లో అందరి చూపులూ భరించలేక, టైపు నేర్చుకుంటానని నేను ఆ గదిలో అడుగుపెట్టాను. మా నాయిన రైస్ మిల్లులో గుమస్తా. టైపు వస్తే మిల్లులోనో తాలూకా ఆఫీసులోనో ఉద్యోగం దొరుకుతుందని ఆయన ఆశ. నేను పోయిన రోజు శుక్రవారం. మధ్యాహ్నం జుమ్మా నమాజు నుంచి వచ్చిన సార్, కొత్తగా చేరిన నాకు కాగితం ఇవ్వలేదు, కుర్చీ చూపించలేదు. ఒక బ్రష్షు, చిన్న గిన్నెలో కిరోసిన్ చేతికిచ్చారు. చుట్టూ చూస్తే పదకొండు మిషన్ల మూతలూ తీసి ఉన్నాయి. పిల్లలంతా వాటి మీద వంగి అక్షరాల కడ్డీలు కడుగుతున్నారు. అది ఆ ఇన్‌స్టిట్యూట్ ఆచారం. శుక్రవారం ఎవరూ టైపు కొట్టరు. అన్నిటి మూతలూ తీస్తారు, కడుగుతారు, ఏ ముక్క ఏ పని చేస్తుందో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ గదిలో శుక్రవారం నాడు మూసి ఉన్న వస్తువంటూ ఉండకూడదు. గోడ గడియారమూ, ఫ్యానూ, చివరికి ఆయన చేతి రేడియో కూడా ఆ నియమానికి లొంగినవే. "లోపల ఏమున్నదో చూడనియ్యని మిషన్ మనది గాదు బిడ్డా, మనం దానికి నౌకర్లం" అనేవారు. అప్పుడు నాకది కిరోసిన్ కంపు కొట్టే చాదస్తంగా తోచింది. చేతులు మసి చేసుకుని ఇంటికి పోతే మా అమ్మ, నువ్వు నేర్చేది టైపా, లారీ రిపేరా అని నిలదీసింది.

సార్ బడిలో చదివింది తక్కువ. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో నాలుగైదు తరగతులు, ఆ తర్వాత సైకిల్ షాపు. ఒకసారి తాలూకా ఆఫీసులో టైపు మిషన్ చెడిపోతే, పట్నం నుంచి మెకానిక్ రావడానికి నెల పడుతుందన్నారట. సైకిళ్లు బాగుచేసే ఈ కుర్రవాడు అడగకుండానే పోయి, మూత తీసి, పొద్దంతా దాని ముందు కూర్చుని, సాయంత్రానికి నడిపించి వచ్చాడు. ఆ తర్వాతనే ఆయన టైపు నేర్చుకున్నారు. ముందు బాగుచేయడం వచ్చి, తర్వాత కొట్టడం నేర్చిన టైపిస్టును నేను మరొకరిని చూడలేదు. తెలుగు మిషన్ మీద ఆయన వేళ్లు నడుస్తుంటే పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టర్లు సైతం తమ పని మరిచి నిలబడేవారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం టైపు కాదు, ఉర్దూ. మన వైపు పాత భూమి కాగితాలన్నీ నిజాం కాలంలో ఉర్దూలో రాసినవే కదా. రైతు దగ్గర కాగితం ఉంటుంది, అందులో ఏముందో రైతుకు తెలియదు. చదివి పెట్టేవాళ్ల కోసం ఊరూరా తిరగాలి. ఒకరు చదివిన తీరు మరొకరు చదవరు. సార్‌కు ఉర్దూ వచ్చని తెలిసి ఇన్‌స్టిట్యూట్ అరుగు మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని కూర్చుని ఉండేవారు. వాళ్లలో లచ్చమ్మ ఒకతె. పెనిమిటి పోయినప్పటి నుంచి, బావి కింది చెలక భూమి తమదో కాదో తేల్చుకోలేక, మామ నాటి కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని నాలుగు మండలాలు తిరిగిన మనిషి. సార్ చదివి చెప్పారు. ఆమె నమ్మలేదు. నిరుడు ఒకాయన గిట్లనే చదివి ఇంకోతీరు చెప్పిండు, నిన్నెట్ల నమ్మాలె అని మొహం మీదే అడిగింది. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. సార్ నవ్వలేదు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఆ వారమే ఒక పని మొదలుపెట్టారు.

ఆ పని ఒక పదాల పట్టిక. పాత భూమి కాగితాల్లో వచ్చే ప్రతి ఉర్దూ మాటా, దాని రూపం, తెలుగులో దాని అర్థం, అది ఏ గడిలో ఎందుకు రాస్తారు అన్న వివరం. 'ఖుష్కి' అంటే మెట్ట, 'తరి' అంటే తడి పొలం. ఇట్లా ఒక్కొక్కటే. అక్షరాలు నేర్చుకున్న ఏ రైతైనా ఆ పట్టిక పక్కన పెట్టుకుని తన కాగితం తానే చదువుకోవాలని ఆయన సంకల్పం. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను అడిగి, పాత పట్వారీల ఇళ్లకు పోయి, అరకాగితం చీటీల మీద రాసుకునేవారు. ఏళ్లు పట్టింది. లచ్చమ్మ వచ్చినప్పుడల్లా, అయిందా సార్ అని అడిగేది. కాలేదమ్మా అని ఈయన తలవంచుకునేవారు.

తొంభైల మొదట్లో ఇన్‌స్టిట్యూట్‌కు కంప్యూటర్ వచ్చింది. అప్పట్లో అందరూ చేసినట్టే మేమూ చేశాం. పట్నం పోయి, తెలిసినవాళ్ల దగ్గర ప్రోగ్రాములన్నీ ఫ్లాపీల్లోకి నకలు చేసుకుని వచ్చేవారు సార్. వాటిని బిస్కెట్ డబ్బాలో పెట్టి, పురుగు పట్టకుండా కర్పూరం బిళ్ల వేసేవారు. నేను పడీపడీ నవ్వితే, నీ నవ్వు నువ్వు నవ్వుకో, నా డబ్బా జోలికి రాకు అని కసిరేవారు. కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ ఆ డబ్బా కోసం మనుషులు వచ్చేవారు. అది దొంగసొత్తు అన్న ఆలోచన మాకెవరికీ లేదు. గురువుగారిని దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు గనుక ఈ మాట రాస్తున్నాను. ఆయన ఆ దారిలో నడిచే, ఆ దారి వదిలారు.

తెలుగు కోసం మాత్రం డబ్బిచ్చి కొనక తప్పలేదు. ఆ తెలుగు ప్రోగ్రాముతో పాటు అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్లటి బిళ్ల ఒకటి ఇచ్చారు. కంప్యూటర్ వెనక, ప్రింటర్ తీగ గుచ్చే చోట దాన్ని తగిలించాలి. అది ఉంటేనే తెలుగు తెరుచుకుంటుంది. దాన్ని లాక్ అనేవాళ్లం. సార్ తన పట్టికంతా ఆ తెలుగులోకి ఎక్కించారు, ఉర్దూ రూపాలను మాత్రం అచ్చు తీశాక చేత్తో రాయాలని జాగా వదిలారు. ఎక్కించిన చీటీలను, టైపు ఇన్‌స్టిట్యూట్ పద్ధతి ప్రకారం, పిల్లలకు అభ్యాసం కాగితాలుగా ఇచ్చేశాం. మా దగ్గర ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం పారేయడమన్నది ఎన్నడూ లేదు. వెనక వైపు పిల్లలు వరుసలు వరుసలుగా టైపు కొట్టారు, తర్వాత వాటితో మిషన్లు తుడిచారు, ఆ తర్వాత అవి పొయ్యిలోకి పోయాయి. పట్టిక పూర్తయ్యాకే అచ్చు తీయాలని సార్ పట్టుదల. ఏళ్ల శ్రమంతా ఇప్పుడు ఒకే ఒక ఫైలు.

ఇక నా ఘనకార్యం. అప్పటికి నేను అక్కడే పాఠాలు చెబుతున్నాను. తెలియని పిల్లనని చెప్పుకోవడానికి లేదు. ఒక శుక్రవారం, సార్ మసీదు నుంచి రాకముందే పని మొదలుపెట్టాం. అన్ని మూతలూ తీశాం. కంప్యూటర్ వెనక ఆ నల్ల బిళ్ల ఒక్కటే మూసి ఉంది. దాని అంచుల్లో దుమ్ము పేరుకుంది. శుక్రవారం మూసి ఉన్నది ఉండకూడదు కదా. ఊడబెరికి, చిన్న స్క్రూడ్రైవరు సందులో దూర్చి, మూత లేపాను. లోపల ముక్కలేవీ కనబడలేదు, అంతా గట్టిపడ్డ నల్లటి బంక. ఆ బంక కింద ఏదో ఉండాలనుకుని ఇంకా గీకాను, కిరోసిన్ కూడా పూశాను. పుటుక్కుమని ఒక చప్పుడు. మళ్లీ తగిలించి చూస్తే తెలుగు తెరుచుకోలేదు.

సార్ వచ్చారు. నేను ఏడుస్తూ చెప్పాను. ఆయన ఆ విరిగిన బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండును. "నువ్వు నేను నేర్పిందే చేసినవు. తప్పు మూత తీసినోళ్లది గాదు, మూత తీస్తే సచ్చేటట్టు చేసినోళ్లది" అన్నారు. ఆ మాటతో ఆయన నన్ను కాపాడారు. కాని ఆయన మూడు రోజులు అన్నం ముట్టలేదని హలీమమ్మ తర్వాత నాతో చెప్పింది.

అమ్మినవాళ్లకు ఉత్తరం రాశాం. ఆ పాత తెలుగు ఇప్పుడు తాము అమ్మడం లేదనీ, కొత్తది కొనుక్కోవచ్చుననీ, అందులో పాత ఫైళ్లు తెరుచుకుంటాయని హామీ ఇవ్వలేమనీ మర్యాదగా జవాబు వచ్చింది. పట్నంలో తెలిసిన ఒకాయన, లాక్ అవసరం లేకుండా తాళం విరిచిన నకలు తన దగ్గరుందనీ, పంపిస్తాననీ చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. సార్ వద్దన్నారు. నేను వాదించాను, బతిమాలాను, చివరికి మీ డబ్బాలో ఉన్నవన్నీ ఏమిటి మరి అని నోరు జారాను. ఆయన ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు.

"గదే సోంచాయిస్తున్న బిడ్డా. రాసింది నేను, మాటలు ఊరోళ్లయి. నా ఇంట్లకు నేను దొంగ తాళంచెవితోని జొర్రాల్నా? లచ్చమ్మకూ నాకూ ఏం ఫరక్ ఉన్నది? ఆమె కాగితం ఆమెకు చదువరాదు, నా ఫైలు నాకు చదువరాదు. ఇద్దరం ఇంకొకల గడపకాడ నిలబడ్డోళ్లమే." ఆయన నాతో మాట్లాడిన మాటల్లో నేను మరువలేనిది అదే. ఆ సాయంత్రమే బిస్కెట్ డబ్బా అటక ఎక్కింది. కోదాడ నుంచి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోయారు, ముసలాయనకు మతి పోయిందని చెప్పుకున్నారు కూడా. అప్పటికి ఆయనకు ముసలితనం రానేలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు సార్ ఏదో పని మీద పట్నం పోయి వస్తుంటే నార్కట్‌పల్లిలో బస్సు చాయ్ కోసం ఆగింది. హోటల్ పక్కన పుస్తకాల దుకాణంలో ఒక కంప్యూటర్ పత్రిక వేలాడుతోంది, దానికి ఒక సీడీ అంటించి ఉంది. లినక్స్ అనే కొత్తరకం వ్యవస్థ అందులో ఉందనీ, దాని లోపలి రాత అంతా విప్పి చూడవచ్చుననీ, మార్చుకోవచ్చుననీ, ఎవరికైనా పంచవచ్చుననీ రాసి ఉంది. టైపుతో వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో ఆయన నిలబడి ఒక్కో మాటే కూడబలుక్కుంటూ ఉన్నారు. బస్సు పోయింది. బస్సులో ఆయన సంచీ, సంచీలో హలీమమ్మకు కొన్న చీర కూడా పోయాయి. మూడు గంటల తర్వాత లారీలో కూర్చుని ఇంటికి చేరినప్పుడు ఆయన చేతిలో ఆ పత్రిక ఒక్కటే ఉంది. హలీమమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. "అందరూ దునియాల సంచి పోతే ఏడుస్తరు, ఈన పుస్తకం దొరికిందని నవ్వుకుంట వచ్చిండు" అని మొన్న పరామర్శకు వచ్చిన నలభై మంది నడుమ ఆమే చెప్పి, నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది.

ఆ సీడీ మా మాట వినడానికి రెండు నెలలు పట్టింది. మొదట తెర నల్లబడింది. తర్వాత కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. అదృష్టం కొద్దీ పట్టిక ఫైలు మూడు ఫ్లాపీల్లో వేరుగా ఉంది. మౌస్ కదలదు, ప్రింటర్ పలకదు. పత్రికలో ఉన్న ఇంగ్లీషు నేను చదివి చెప్పాలి, ఆయన విని ఊహించాలి. ఆ రోజుల్లో కోతల వల్ల కరెంటు నమ్మకంగా ఉండేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. నేను ఆరింటికల్లా సైకిలేసుకుని పోయేదాన్ని. ఆడపిల్లకు పొద్దున్నే అక్కడేం పని అని వీధిలో అనుకున్నారు. హలీమమ్మ గదిలో పీట వేసుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది, ఆ మాటలకు అదే జవాబు.

ఒకనాడు ఆ కొత్త వ్యవస్థలో, ఏ ఫైలునైనా లోపల ఉన్నది ఉన్నట్టుగా అంకెల వరుసలుగా చూపించే ఉపాయం నాకు దొరికింది. పట్టిక ఫైలును అందులో పెట్టాను. తెర నిండా అంకెలు. నాకు అవి ఒట్టి అంకెలే. సార్ కుర్చీ దగ్గరికి జరుపుకుని చూడసాగారు. అప్పుడు ఆయనకు లచ్చమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడో ఆమె పోరు పడలేక, నమూనాకని ఒకే ఒక పేజీ అచ్చు తీసి ఇచ్చారు. నేను సైకిల్ మీద ఆమె ఊరికి పోయాను. మామ కాగితంతో పాటే, అదే సంచిలో, మడత నలగకుండా దాచింది. ఆ పేజీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పేజీతో పాటు తానే నా సైకిల్ వెనక ఎక్కి వచ్చింది.

ఒకవైపు అచ్చు పేజీ, ఒకవైపు అంకెలు. నేను లెక్క ప్రకారం అక్షరానికి ఒక అంకె చొప్పున జత కలుపుతూ పోయి రెండు వరుసల్లోనే తప్పిపోయాను. సార్ కళ్లు మూసుకున్నారు. ఆయన వేళ్లు బల్ల మీద కదలడం మొదలుపెట్టాయి. ఉత్త బల్ల మీద తెలుగు టైపు కొడుతున్నారు. తెలుగు మిషన్ మీద అక్షరం ఒకేసారి పడదు. ముందు ఒంటి అక్షరం, తర్వాత గుడి, కొమ్ము, కింద ఒత్తు, ఒక్కోదానికి ఒక్కో మీట. ఆ ఫైలు కూడా అదే క్రమంలో అంకెలు రాసుకుంది. "ఇది మన టైపు మిషనే బిడ్డా, వేషం మార్చుకొచ్చింది" అన్నారు. ఇక ఆగలేదు. నేను అంకెలు చదవడం, ఆయన మీట పేరు చెప్పడం, లచ్చమ్మ మధ్యమధ్య చేతి తడి అంటకుండా తన పేజీని కొంగుతో పట్టుకోవడం. ఆ పేజీలో లేని అక్షరాలకు ఇంకో పదిహేను రోజులు పట్టింది. ముప్పై ఏళ్లు మూతలు తీసిన చేతులవి. విప్పడానికి వీల్లేదన్న దాన్ని, ఎవరి తాళమూ దొంగిలించకుండా, తన విద్యతో విప్పాయి. ఈ ఒక్క సంగతి కోసమైనా ఆయన పేరు నిలవాలి.

ఆ జతలతో నేను నా జీవితంలో మొదటి ప్రోగ్రాము రాశాను. పట్టికంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగా బయటికి వచ్చింది. అట్లా రాసి ఇస్తే తెలుగు అక్షరాల్లో అచ్చు వేసే పరికరం ఒకటి, ఎవరో మహానుభావులు తయారుచేసి అందరికీ వదిలేసింది, మరో సీడీలో దొరికింది. మొదటి పేజీ ప్రింటర్ లోంచి గీపెడుతూ బయటికి వస్తుంటే సార్ దాన్ని అందుకోలేదు. నువ్వు తియ్యి అని నాకు చెప్పి, ముఖం కడుక్కోవడానికి వెళ్లారు.

పట్టిక దొరికింది కదా, ఇక పాత పద్ధతికి పోదామని నేనన్నాను. పెళ్లి పత్రికల పనంతా ఆ తెలుగు ప్రోగ్రాముల మీదే నడుస్తుంది. పిల్లలు నేర్చుకోవడానికి వచ్చేదీ బజారులో పేరున్న ప్రోగ్రాముల కోసమే. సార్ వినలేదు. ఉత్తరాలు రాసేది ముందు మార్చారు, లెక్కల గళ్లు వేసేది తర్వాత, ఒక్కొక్కటే తీసేసి, అప్పటికి మూడైన కంప్యూటర్లలోనూ విప్పి చూడగలిగినవి తప్ప మరేవీ లేకుండా చేశారు. పెళ్లి పత్రికలు ఎదుటి సందులో వెలిసిన కొత్త ఇన్‌స్టిట్యూట్‌కు పోయాయి, పిల్లల్లో సగం మంది కూడా. మిగిలిన వాళ్ల కోసం గోడ మీద తన చేతిరాతతో రాసిపెట్టారు: ఇక్కడి ప్రోగ్రాములన్నీ విప్పి చూడవచ్చు, బాగుచేయవచ్చు, ఇంటికి తీసుకుపోవచ్చు. మొండివాడు. ఆయన మొండితనం వల్ల నేను ఎన్నోసార్లు విసిగిపోయాను. చెప్పిన మాటే పదిసార్లు చెప్పేవారు, దుమ్ము కనబడితే మనిషిని చూడకుండా కసిరేవారు, షుగరు ఉందని డాక్టరు చెప్పినా చాయ్‌లో నాలుగు చెంచాలు వేసుకునేవారు. అయినా ఆ గోడ మీది మాటల్లో ఒక్కటి కూడా ఆయన చెరపలేదు. ఆ గదిలో తయారైన పిల్లలు ఇవాళ ఎక్కడ కూర్చోబెట్టినా భయపడరు. తెలియని యంత్రం ముందు చేతులు కట్టుకుని నిలబడరు. నేనూ వాళ్లలో ఒకదాన్ని.

లచ్చమ్మ అప్పటికి మహిళా సంఘంలో అక్షరాలు దిద్దుకుంది. పట్టిక పూర్తిగా అచ్చయిన రోజు అరుగు మీద కూర్చుని, ఒడిలో పట్టిక, ముందు మామ కాగితం పెట్టుకుని, సార్ చేత్తో రాసిన ఉర్దూ రూపాన్ని వేలితో పోల్చి చూసుకుంటూ, పక్కనున్న తెలుగు కూడబలుక్కుంటూ చదివింది. ఒక్క వరుసకు గంట పట్టింది. సార్ ఒక్క అక్షరం కూడా అందివ్వలేదు, మమ్మల్నీ అందివ్వనివ్వలేదు. బావి కింది చెలక తమదేనని చదువుకుని ఆమె తలెత్తి, "నువ్వు అప్పుడు చెప్పింది నిజమే సార్" అన్నది. అందరం నవ్వాం. ఈసారి సార్ కూడా నవ్వారు.

ఆ పట్టికను ఆయన పుస్తకంగా అమ్మలేదు. ఫ్లాపీ తెచ్చుకున్న ప్రతివారికీ నకలు తీసి ఇచ్చేవారు. తప్పులుంటే దిద్దండి, మీ ఊరి మాటలుంటే చేర్చండి, చేర్చినంక నాకు జర పంపుండి అని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. అందరూ సరేనన్నారు. ఎవరూ పంపలేదు. దిద్దెటోడు వస్తేనే అది బతికినట్టు బిడ్డా, లేకుంటే నా ఒక్కని చాదస్తమే అని ఒకటి రెండుసార్లు నాతో అన్నారు. నల్లగొండలో ఉద్యోగం వచ్చి నేను వెళ్లిపోయేటప్పుడు కూడా, ఏమన్నా ఉత్తరం వచ్చిందా అని నేను అడగడం, రాలేదని ఆయన అనడం మాకు అలవాటైన మాటగా ఉండేది. ఆయన మనసులో ఉన్న దిగులు అదొక్కటే. దాని ముందు పోయిన పెళ్లి పత్రికలు, పోయిన పిల్లలు ఆయనకు లెక్కలోకే రాలేదు.

ఆయన పోయిన నాలుగో రోజు హలీమమ్మ దగ్గర కూర్చుని ఉంటే ఆమె లేచిపోయి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. సార్ పేరిట, ముందు రోజే వచ్చిందట. అలంపూర్ నుంచి. రాసినాయన అక్కడ దస్తావేజులు రాసే మనిషి. మాకెవరికీ ఆయన తెలియదు. చేతులు మారి చేతులు మారి మా ఫ్లాపీ నకలు ఆయనకు చేరింది. తుంగభద్ర ఒడ్డు ఊళ్ల కాగితాల్లో కనిపించే ముప్పైకి పైగా మాటలు చేర్చి, కొత్త ఫ్లాపీ పంపాడు. ఒక తప్పు కూడా పట్టుకున్నాడు. 'దరియాబుర్ద్' అన్న మాటకు సార్ 'ఏటి ఒడ్డు భూమి' అని రాశారు. అది ఒడ్డు భూమి కాదు, ఏరు కోసుకుపోయిన భూమి, మా దిక్కు ఈ మాట ఎరగని ఇల్లు లేదు అని రాశాడు. పెద్దలు రాసినదాన్ని దిద్దినందుకు క్షమించమనీ, ఈ మార్పు ఉంచుకోవడానికి అనుమతి ఇవ్వమనీ చివర వేడుకున్నాడు.

నేను ఉత్తరాన్ని హలీమమ్మకు పైకి చదివి వినిపించాను. సార్ ఉండి ఉంటే దాన్ని పట్టుకుని సందంతా తిరిగేవారు, నా తప్పు దొరికింది, నా తప్పు దొరికింది అని ఎదుటి ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు కూడా చూపించి వచ్చేవారు. నాలుగు రోజులు. నాలుగు రోజులు ముందు ఎందుకు రాలేదని నాకు ఆ కవరు మీద కోపం వచ్చింది, తపాలా వాళ్ల మీద వచ్చింది, దేవుడి మీద కూడా వచ్చింది. హలీమమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "దిద్దినోన్ని మాఫీ అడగనియ్యకు బిడ్డా, మీ సార్‌కు మంచిగనిపియ్యదు" అన్నది.

అక్కడే, ఆయన బల్ల మీదే జవాబు రాశాను. అయ్యా, జానీమియా గారు ఈ సోమవారం కాలం చేశారు. మీరు దిద్దింది సరైనది. పట్టికలో మార్చాను, దిద్దినవారిగా మీ పేరు చేర్చాను. ఇకమీదట ఎవరి అనుమతీ అడగకండి. ఇది ఆయనది ఎంతో మీదీ అంతే.

కింద ఆయన సంతకం ఉండవలసిన జాగాలో నా పేరు రాశాను. ఆ జాగాకు నేను చాలనని తెలిసే రాశాను.